సైలెన్సర్ లేని బండి

ఆ వేసవి మా ఇంట్లో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడలేదు. అరిచాం, లేదంటే మాటలు మానేశాం.

సబ్బుపొడి బస్తా కోసం బజారుకి వెళ్ళి వచ్చేసరికి, షెడ్డు ముందు మా వ్యాన్ వెనక చక్రాలు దిమ్మెల మీదికి ఎక్కి ఉన్నాయి. బండి కింద నుంచి మా తమ్ముడి కాళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పక్కన గోడవారగా పాత సైలెన్సర్ పడి ఉంది, రెండు చివరలా కోసిన గుర్తులతో.

“ఏం చేస్తున్నావురా?”

“ఊపిరి పోస్తున్నా” అన్నాడు కింద నుంచే.

“ఎవరికి?”

“నీ బండికే. ఇన్నాళ్ళూ గొంతు నులుముకుంటూ నడిపావు.”

వీపు మీద జారుతూ బయటికొచ్చాడు. ముఖమంతా మసి. సైలెన్సర్‌ని కాలితో దొర్లించి కోసినచోటు చూపించాడు. “లోపల చూడు, మసి గడ్డకట్టిపోయింది. పొగని బయటికి నెట్టడానికే ఇంజిన్ సగం ప్రాణం పెడుతోంది. తిన్నగా పైపు వేస్తే పొగ దానంతటదే పోతుంది. ఆ మిగిలిన బలం చక్రాలకొస్తుంది. డీజిల్ తక్కువ తాగుతుంది. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే...”

“నాకు అర్థమయ్యేలా చెప్పక్కర్లేదు. నన్నడిగి చెయ్యాల్సింది.”

“అడిగితే వద్దంటావు.”

“అందుకే అడగాలి.”

వాడు క్యాబిన్‌లోకి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. నేను ఆ బండిని ఏళ్ళ తరబడి నడిపాను. దాని దగ్గూ తుమ్మూ నాకు తెలుసు. ఆ రోజు వచ్చిన చప్పుడు దానిది కాదు. షెడ్డు రేకులు అదిరాయి. మరదలు ఇస్త్రీపెట్టె చేత్తోనే పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది.

“ఏమైంది? గోడ కూలిందా?”

“గోడ కాదు. నీ మొగుడు” అన్నాను.

మేం ఒక ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతాం. మాసినవి నేను వ్యాన్‌లో తెస్తాను, షెడ్డులోని యంత్రాల్లో ఉతికి ఆరబెట్టాక మరదలు ఇస్త్రీ చేస్తుంది, మళ్ళీ నేను పట్టుకెళ్తాను. తమ్ముడు అంతకుముందు ఒక సైలెన్సర్ల కొట్లో వెల్డింగ్ చేసేవాడు. ఆ కొట్టు మూతపడ్డాక వచ్చి మా యంత్రాల దగ్గర నిలబడ్డాడు. దుప్పట్లు లోపలికి తోసి, మీట నొక్కి, అది ఆగేదాకా చూడటం వాడి పని. వేసవి మొదట్లో డీజిల్ ధర పెరిగింది, తర్వాత మళ్ళీ పెరిగింది. ఆస్పత్రివాళ్ళు మా రేటు పెంచేది లేదన్నారు. కాబట్టి వాడు చెప్పిన కారణం అబద్ధం కాదు. కానీ నేను చాలాకాలంగా గమనించింది ఏమిటంటే, మనుషులు చెప్పే కారణం నిజమైనంత మాత్రాన అసలు కారణం అదే అయివుండాల్సిన పనిలేదు.

“మైలేజ్ పెరిగితే?” అన్నాడు.

“పెరగదు.”

“పెరిగితే బండి నేను నడుపుతా. నువ్వు మెషీన్ల దగ్గర కూర్చో.”

వాడు ముందే ఆలోచించి పెట్టుకున్న మాట అది. అంత తేలిగ్గా వచ్చింది.

“పెరక్కపోతే, పాత సైలెన్సర్ నీ చేత్తో మళ్ళీ అతికిస్తావు. ఇక జన్మలో నా బండి మీద చెయ్యి వెయ్యవు” అన్నాను.

“నీ బండి” అని నవ్వాడు. “సరే.”

మరదలు ఇద్దర్నీ చూసి, “మీ ఇద్దరి మధ్య నిలబడి ఇస్త్రీ చేస్తుంటే దుప్పట్లకి కొత్త ముడతలు వస్తున్నాయి” అని లోపలికెళ్ళిపోయింది.

ఆ పందెంలో నేనేం ఒడ్డానో వాడికి తెలుసో లేదో నాకు తెలియదు. ఇంట్లో గదులున్నాయి. కానీ తలుపు వేసుకుంటే ఎవరూ తట్టని చోటు నాకు ఆ క్యాబిన్ ఒక్కటే. మనుషుల్ని భరించడానికి నాకు రోజూ కాసేపు మనుషులు లేని చోటు కావాలి. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య రోడ్డు మీద, కిటికీ సగం దించి, ఇంజిన్ ఒకే శ్రుతిలో గొణుగుతూ ఉంటే, నా తలలో రోజంతా పేరుకున్న గొంతులు ఒక్కొక్కటిగా అడుగుకి దిగిపోయేవి. ఆ సీటు పోతే నాకు మిగిలేది యంత్రాల చప్పుడూ, వెనక నుంచి ఎప్పుడు ఎవరు పిలుస్తారో అన్న ఎదురుచూపూ.

పరీక్షకి షరతులు వాడే పెట్టాడు. ట్యాంకు మూతి దాకా నింపాలి. రోజూ నడిచే దారిలోనే, రోజూ మోసే బరువుతోనే వారమంతా నడపాలి. మళ్ళీ మూతి దాకా నింపి, ఎంత పట్టిందో చూడాలి. పాత సైలెన్సర్‌తో ఎంత ఇచ్చేదో ఇద్దరికీ కంఠతా వచ్చు.

“నడిపేది నువ్వే” అన్నాడు. “నేను నడిపితే, కాలు బిగబట్టి నడిపాడు కాబట్టి వచ్చిందంటావు.”

“నేను కావాలని తొక్కితే?”

“పక్కన నేను కూర్చుంటాగా.”

అది న్యాయంగానే అనిపించింది. పైపుని నమ్మని మనిషి నడిపితే పైపుకి అనుకూలంగా నడపదు కదా. పగవాడి కాలుని మించిన నమ్మకమైన కొలత ఉండదని అక్కాతమ్ముళ్ళం ఇద్దరం అనుకున్నాం. మేం చేసిన పొరపాటల్లా అదే.

మొదటి రోజే వీధి మలుపులో ఒక ముసలాయన బాల్కనీలోంచి లేచి నిలబడి మమ్మల్ని చూశాడు. బడి ముందు పిల్లలు చెవులు మూసుకున్నారు. ఒకడు చెవులు మూసుకునే నా వైపు చూసి నవ్వాడు. నాకు ముఖం కాలిపోయింది. అన్నేళ్ళలో ఆ వీధిలో ఎవరూ నా వైపు తలతిప్పి చూసింది లేదు. నాకు కావాల్సింది కూడా అదే. ఇప్పుడు నేను రాకముందే నేను వస్తున్నట్టు ఊరందరికీ తెలిసిపోతోంది.

“విన్నావా?” అన్నాడు తమ్ముడు పక్కనుంచి. “బండి మాట్లాడుతోంది.”

“బూతులు మాట్లాడుతోంది.”

“నీకెప్పుడూ ఎదుటివాడి గొంతు బూతులాగే వినిపిస్తుంది.”

ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టి, “అమ్మా, ఇది మీరేనా? ట్రాక్టర్ అనుకున్నా” అన్నాడు. లోపల వార్డుల కిటికీలు తెరిచి ఉన్నాయి. ఊపిరి బిగబట్టి, బండి దానంతటది దొర్లినట్టు లోపలికి పోనిచ్చాను.

వారమంతా అలాగే గడిచింది. మధ్యలో ఒకరోజు సిగ్నల్ దగ్గర వాడు, “తొక్కు, పచ్చదీపం పడింది” అని అరిచాడు. “నా కాలు, నా ఇష్టం” అని నేనూ అరిచాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు. మా పైపు చప్పుడులో అది మాకు వినబడలేదు.

బంకులో డీజిల్ కొట్టే ఆయనకి మా గొడవ మొదటి రోజు నుంచీ తెలుసు. ట్యాంకు మూతి దగ్గర నురగ వస్తుంది. అది దిగేదాకా ఆగి మళ్ళీ కొంచెం పొయ్యాలి. తమ్ముడు చాలంటాడు, నేను ఇంకా పడుతుందంటాను. ఇద్దరం తలలు వంచి మూతిలోకి చూస్తున్నాం.

“బావిలో ఉంగరం పడ్డట్టు ఏంటమ్మా ఆ చూపు?” అన్నాడాయన. “ఇదిగో, అంచు దాకా వచ్చింది. ఇంకొక్క చుక్క పోస్తే నా చెప్పుల మీదే.”

పాత లెక్క కన్నా తక్కువ పట్టింది. కొద్దిగా కాదు, స్పష్టంగా తక్కువ. బండి లీటరుకి ఇంతకుముందు ఎన్నడూ ఇవ్వనంత దూరం ఇచ్చింది.

తమ్ముడు ఎగరలేదు, అరవలేదు. చెయ్యి చాచాడంతే. నేను తాళం ఇచ్చాను. ఇంటి దాకా పక్క సీట్లో కూర్చుని వచ్చాను. ఆ వైపు నుంచి నా రోడ్డు ఎంత వేరుగా ఉందో అప్పుడే చూశాను.

యంత్రాల దగ్గర నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. దుప్పట్లు గాజు తలుపు వెనక తిరుగుతూ ఉంటే కళ్ళప్పగించి చూడటం తప్ప పనేమీ ఉండదు. ఆ వారం నేను నడిపిన తీరంతా ఒక్కో మలుపుగా మళ్ళీ నడిపి చూసుకున్నాను. బడి రాకముందే కాలు తీసేశాను. పై గేరుకి తొందరగా మారాను, చప్పుడు తగ్గుతుందని. ముందు బండికి దూరంగా ఉన్నాను, బ్రేకు వేసి మళ్ళీ తొక్కాల్సి రాకుండా. ఎర్రదీపం దూరం నుంచి కనబడగానే దొర్లించుకుంటూ పోయాను. నేను కావాలని చేసినవి కావు ఇవి. కాలు తనంతట తాను చేసింది. పైపు మీద నాకున్న అసహ్యమే దాన్ని గెలిపించింది. సిగ్గుపడే మనిషి బండి నడిపినంత పొదుపుగా ఇంకెవరూ నడపలేరు.

భోజనాల దగ్గర వాడితో చెప్పాను. “పెరిగింది పైపు వల్ల కాదు. నా కాలు వల్ల.”

వాడు కంచంలోంచి తల ఎత్తలేదు. “ఓడిపోయాక అందరి కాళ్ళూ బంగారమే.”

“నిజం చెప్తున్నా. చప్పుడుకి సిగ్గేసి మెల్లగా నడిపాను.”

“గెలిస్తే ఒప్పుకోవు, ఓడితే ఒప్పుకోవు. నీలాంటిదాన్ని అద్దెకిస్తే కోర్టుల్లో బాగా పనికొస్తావు.”

మరదలు నవ్వబోయి ఆపుకుంది. నేను కంచం తీసుకుని లేచాను. వాడు నమ్మకపోవడం కన్నా, నేను చెప్పింది నాకే సాకులాగా వినిపించడం ఎక్కువ బాధ పెట్టింది.

తర్వాతి వారం వాడు ట్యాంకు నింపుకుని వచ్చినప్పుడు ముఖం వేరేగా ఉంది. షెడ్డు షట్టర్ మీద సుద్దముక్కతో మైలేజ్ అంకె వేసి చాలాసేపు దాన్నే చూశాడు. పాత సైలెన్సర్ ఇచ్చినదానికన్నా తక్కువ. ఇంకో వారం పోయాక మరీ తక్కువ. బండి వెనక తలుపుల మీద నల్లటి మసి పేరుకోవడం మొదలైంది. ఉతికి పట్టుకెళ్ళే దుప్పట్లకి అంటకుండా మరదలు ప్లాస్టిక్ కవర్లు కప్పడం మొదలుపెట్టింది.

ముందు బంకుని తిట్టాడు, కల్తీ అని. తర్వాత గాలి ఫిల్టర్ మార్చాడు. ఆ తర్వాత ఇంజెక్టర్లు విప్పి ఊళ్ళో ఎక్కడికో పట్టుకెళ్ళి బాగుచేయించాడు. అయినా అంకె మారలేదు. ఒకరోజు పొద్దున నేను షెడ్డు తలుపు తీసేసరికి బండి డీజిల్ ట్యాంకుకి కొత్త మూత కనిపించింది. తాళం పడే మూత.

“ఇదేంటి?” అన్నాను.

“మూత.”

“తాళం ఎందుకు?”

“ట్యాంకులో డీజిల్ ఎటు పోతోందో తెలీట్లేదు కాబట్టి.”

“ఎటు పోతోందనుకుంటున్నావ్?”

వాడు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నా తమ్ముడు. వాడికి చెప్పుల బకిల్ పెట్టుకోవడం నేర్పింది నేనే. పైపు తప్పు చేసిందనుకోవడం కన్నా, అక్క గొట్టం పెట్టి డీజిల్ పీల్చేస్తోందనుకోవడం వాడికి తేలికైంది. కోపం రాలేదు నాకు. ఒకరకమైన చల్లదనం వచ్చింది. ద్వేషానికి వేడి ఉంటుందంటారు గానీ, నాకు తెలిసిన ద్వేషం ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. ఆ రోజు నుంచి వాడితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. వాడూ అంతే. ఏదైనా చెప్పాల్సివస్తే మరదలితో చెప్పేవాళ్ళం, ఎదురుగా నిలబడి.

“మీ వదినకి చెప్పు, రెండో మెషీన్ నీళ్ళు కారుతోందని.”

“మీ ఆయనకి చెప్పు, నాకు కళ్ళున్నాయని.”

“నేను పోస్టుమన్‌ని కాదు” అనేది మరదలు. “ఇద్దరూ గోడకి చెప్పుకోండి, అదైతే జీతం అడగదు.”

ఆ రోజుల్లోనే దిండు గలేబుల లెక్క తేడా వచ్చిందని ఆస్పత్రివాళ్ళు పిలిస్తే మరదలు వాడితో బండిలో వెళ్ళింది. తిరిగొచ్చాక నేనూ తనూ దుప్పట్లు మడతపెడుతున్నాం. పెద్ద దుప్పటి మడత ఇద్దరు మనుషుల పని. చెరో చివర పట్టుకుని దూరంగా నిలబడి లాగాలి, దగ్గరికొచ్చి అంచులు కలపాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. దగ్గరికొచ్చినప్పుడు అడిగింది:

“వదినా, నువ్వు నడిపిన వారం నిజంగానే సిగ్గేసిందా?”

“వేసింది.”

వెనక్కి వెళ్ళింది. దుప్పటి లాగాం. మళ్ళీ దగ్గరికొచ్చింది.

“ఆయనకి వెయ్యదు” అంది మెల్లగా. “ఖాళీ రోడ్డు కనిపిస్తే చాలు, అద్దం పూర్తిగా దించేసి తొక్కి పడతారు. గోడల పక్కనైతే మరీ. ఆ చప్పుడు గోడకి తగిలి వెనక్కొస్తుంటే నవ్వుతారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనా నవ్వు చూళ్ళేదు.”

నేను దుప్పటి అంచులు సరిచేస్తూ ఉండిపోయాను.

“డీజిల్ ఎటు పోతోందో చెప్పావా మరి?”

“ఏమని చెప్పను? నవ్వకండి, డీజిల్ ఖర్చవుతోందనా?”

మడతపెట్టిన దుప్పటి నా చేతుల్లో పెట్టి, ఇంకోటి తియ్యడానికి వంగింది.

ఆ తర్వాత యంత్రాల ముందు కూర్చున్నప్పుడల్లా నాకు ఆ నవ్వు గుర్తొచ్చేది, నేను చూడని నవ్వు. వాడు రోజంతా ఇదే బల్ల మీద కూర్చుని ఇవే దుప్పట్లు తిరగడం చూశాడు. నేను పొద్దున బండి తీసుకుని వెళ్ళిపోయేదాన్ని, వాడు ఇక్కడ మీట నొక్కి కూర్చునేవాడు. వాడి గొంతు యంత్రాల మోతలో ఎవరికీ వినబడేది కాదు. వాడి చేత్తో చేసిన వస్తువేదైనా ఈ ఇంట్లో ఉందంటే అది ఆ పైపే. ఇదంతా నాకు అర్థమైంది. అర్థమైనందువల్ల వాడి మీద నాకున్న పగ తగ్గలేదు. ఎదుటివాడి మనసు తెలిస్తే పగ పోతుందని ఎవరు చెప్పారో గానీ, నా విషయంలో అది ఇంకా నిబ్బరంగా కూర్చుంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. దుప్పట్ల లెక్క చూసే నర్సు, అందరూ పెద్దసిస్టర్ అంటారు. మరదలి చేతులు తడిగా ఉన్నాయి, స్పీకర్ నొక్కి ఇస్త్రీబల్ల మీద పెట్టింది. తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు.

“ఏమమ్మా, మీరు దుప్పట్లు తెస్తున్నారా, యుద్ధానికి వస్తున్నారా?” అంది పెద్దసిస్టర్. “కళ్ళ వార్డులో కదలకుండా పడుకోవాల్సిన పెద్దాయన మీ బండి చప్పుడుకి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. డాక్టరు నన్ను తిట్టాడు. నేను ఆయన తిట్టినవన్నీ దాచిపెట్టాను, మీకిద్దామని.”

“సారీ సిస్టర్. సైలెన్సర్ పాడైంది. బాగుచేయిస్తాం” అన్నాను నేను.

“ఆఁ, నువ్వు వచ్చిన వారం కూడా పాడయ్యే ఉందిగా? అప్పుడు కిటికీలు అదరలేదే? మీ తమ్ముడు వద్దు. రేపట్నుంచి నువ్వు రా. నువ్వన్నా రావాలి, లేదా బండి రావడం మానెయ్యాలి.”

ఫోన్ పెట్టేసింది. యంత్రం నీళ్ళు వదిలే చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

చాలా వారాల తర్వాత వాడితో సూటిగా మాట్లాడాను. “పాత సైలెన్సర్ శుభ్రం చేసి తగిలించు. నువ్వే నడుపుకో.”

ఎందుకు అలా అన్నానో తెలియదు. గెలిచిన మనిషికి వచ్చే ఔదార్యం అయివుండచ్చు. అందులో కూడా ఒక దెబ్బ ఉంటుంది. వాడికది తగిలింది.

“పైపు ముట్టుకోవద్దు” అన్నాడు.

“మరి?”

“బండి నువ్వు నడుపు. పైపు మాత్రం ఉంటుంది.”

జేబులోంచి తాళాలు తీశాడు. బండిది, ట్యాంకు మూతది. మరదలు అప్పుడే ఇస్త్రీ చేసి మడిచిన దుప్పటి మీద పెట్టి, యంత్రాల వైపు వెళ్ళిపోయాడు. నేను తాళాలు తీసుకున్నాక తెల్లటి గుడ్డ మీద గ్రీజు మరక మిగిలింది. మరదలు ఆ దుప్పటిని విప్పి మాసిన బట్టల బుట్టలో పడేసింది.

సీటు నాకు తిరిగొచ్చింది. కానీ అది ఒంటరిగా ఉండే చోటు కాదిప్పుడు. కిటికీలు మూసినా తెరిచినా వాడి పైపు నా వెనక కూర్చుని వాగుతూనే ఉంటుంది. దాన్ని నోరు మూయించాలంటే నేను మళ్ళీ కాలు తేలిక చేసుకోవాలి. బడి రాకముందే వదలాలి, గేరు తొందరగా మార్చాలి, దూరం నుంచే దొర్లించాలి. అలాగే నడిపాను. అంకె మళ్ళీ పెరిగింది.

షట్టర్ మీద సుద్దతో వేసిన ఆ అంకె కింద తమ్ముడు రెండు గీతలు గీశాడు. “ఇంజెక్టర్లు కుదురుకోవడానికి టైం పట్టింది. అంతే. పైపులో ఏ లోపం లేదని నేను మొదట్నుంచీ చెప్తున్నా” అన్నాడు మరదలితో, నాకు వినబడేలా. మరదలు నా వైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న ఉంది. నేను సబ్బుపొడి కొలుస్తున్నట్టు తల వంచుకున్నాను.

వాడి మీద జాలితో ఊరుకున్నానని మరదలు అనుకుంది. అనుకోనిచ్చాను. నా కాలు సంగతి వాడు నమ్మితే, అక్కే ఎందుకు నడపాలి, నేనూ అలాగే మెల్లగా నడుపుతానంటాడు. పైపు గెలిచిందని నమ్మినంతకాలం ఈ సీటు నాది. అంతకు మించి మంచితనం నాలో ఉందో లేదో నేను వెతకలేదు.

వానలకి ముందు ఆఖరిసారి ట్యాంకు నింపించిన రోజు వాడు కూడా బంకుకి వచ్చాడు, ఏదో పనుందని చెప్పి. ఏ పనీ లేదు. డీజిల్ కొట్టే ఆయన పక్కన నిలబడి పైపు చూపిస్తున్నాడు, వెల్డింగ్ అతుకు మీద వేలితో రాస్తూ.

“ఎంత ఇస్తోందో అడుగు మా అక్కని” అన్నాడు. “మొదట్లో నమ్మలేదు తెలుసా?”

“నిజమేనా అమ్మా?” అన్నాడు ఆయన. “ఈ పైపు వల్లేనా అంత వస్తోంది? మా బావమరిదికి కూడా వ్యాన్ ఉంది, వేయిద్దామనుకుంటున్నాడు.”

తమ్ముడు నా ముఖం చూస్తున్నాడు. వేసవి మొదలైన దగ్గర్నుంచీ వాడు నా ముఖంలోకి అంతసేపు చూడలేదు.

“వేయించమనండి” అన్నాను. “నడిపేది మాత్రం సిగ్గున్న మనిషై ఉండాలి.”

ఆయన జోక్ అనుకుని నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు. అయినా వాడి భుజాలు కొంచెం వదులయ్యాయి. ఒప్పుకున్నాననే అనుకున్నాడు.

క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాను. ముందు రోడ్డు ఖాళీగా ఉంది, ఒక పక్కంతా పొడవాటి గోడ. అద్దంలో చూస్తే వాడు బంకు అంచు దాకా నడిచొచ్చి నిలబడ్డాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి. ఆ గోడ పక్కన పైపు గొంతెత్తితే వినాలని.

క్లచ్ వదిలాను. కాలు పెట్టీ పెట్టనట్టు పెట్టి, వెంటనే పై గేరుకి మార్చి, ఆ గోడ పొడవునా వాడికి ఏమీ వినబడకుండా వెళ్ళిపోయాను.